మంటలు మా ఇంటి దాకా రాలేదు, ఉత్తరం వచ్చింది: నా అనుభవం

మా ఇల్లు కాలలేదు. ముందే చెప్తున్నా, కాలిఫోర్నియాలో కార్చిచ్చు అనగానే అందరూ అడిగేది అదే కాబట్టి. మేముండేది శాక్రమెంటోకి తూర్పున, ఎల్ డొరాడో హిల్స్‌లో. 2021 ఆగస్టులో కాల్డోర్ మంటలు మా కౌంటీలోనే ఉన్న గ్రిజ్లీ ఫ్లాట్స్ అనే చిన్న ఊరిని దాదాపు తుడిచిపెట్టేశాయి. మా దాకా వచ్చింది పొగే. కొన్నాళ్లకి ఇన్సూరెన్స్ కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది, ఇక మీ పాలసీ రెన్యూ చెయ్యం అని. ఒక్క క్లెయిమ్ కూడా పెట్టని ఇంటికి!

ఇక్కడి చట్టం ప్రకారం కనీసం 75 రోజుల ముందు చెప్పాలి. చాలా టైముందిలే అనుకుంటాం గానీ ఆన్‌లైన్‌లో ఎక్కడ కోట్ అడిగినా జిప్ కోడ్ కొట్టగానే సారీ అంటుంటే టెన్షన్ మొదలవుతుంది. పోనీ ఇన్సూరెన్స్ లేకుండా ఉందామా అంటే లోను బ్యాంకుది. మనం తీసుకోకపోతే వాళ్లే ఒకటి తగిలించి ఆ ప్రీమియం మన నెత్తిన వేస్తారు, అది కాపాడేది ముఖ్యంగా వాళ్ల అప్పునే.

చివరికి ఒక బ్రోకర్ ద్వారా, ఎక్కడా పాలసీ దొరకనివాళ్లకి ఇచ్చే ఫెయిర్ ప్లాన్ తీసుకున్నాం. చాలామంది దీన్ని ప్రభుత్వ సంస్థ అనుకుంటారు, కాదు, రాష్ట్రంలో ఆస్తులకి ఇన్సూరెన్స్ చేసే కంపెనీలన్నీ కలిసి భరించే ఏర్పాటు ఇది, 1968 నుంచీ ఉంది. మంటలు, పొగ, పిడుగు లాంటివాటికే వర్తిస్తుంది. దొంగలు పడినా, పైపు పగిలినా, మెట్ల మీద ఎవరైనా జారిపడి కేసు వేసినా దీంట్లో రావు, వాటికి 'డిఫరెన్స్ ఇన్ కండిషన్స్' అని ఇంకో పాలసీ కొనాలి. రెండూ కలిపితే పాతదానికి దాదాపు మూడింతలు!

తర్వాత ఇంటి పని. మంట కంటే ముందు గాలికి ఎగిరొచ్చే నిప్పురవ్వలే చాలా ఇళ్లను అంటిస్తాయట, అందుకని గోడ నుంచి ఐదడుగుల లోపు కాలే వస్తువేదీ ఉండొద్దన్నారు. గోడ పక్కన పరిచిన చెక్కపొట్టు ఎత్తించి కంకర పోయించాం, అటకకి గాలాడే కన్నాలకి సన్న జాలీ కొట్టించాం, గోడకి ఆనుకున్న చెక్క కంచె ముక్క కోయించాం. వంటింటి కిటికీ పక్కన గోడకి పాకిన మల్లెతీగ దగ్గరికొచ్చేసరికి అమ్మ అడ్డం నిలబడింది. "ఏరా, పచ్చటి చెట్టు కూడా అంటుకుంటుందా?" అడుగున చెయ్యి పెట్టి లాగితే గుప్పెడు ఎండుటాకులు, అగ్గిపుల్లల్లా విరిగే పుల్లలు వచ్చాయి. ఇంకేం మాట్లాడలేదు, కొమ్మలు మాత్రం కత్తిరించి వేరే చోట నాటుకుంది.

ఇది మా ఒక్క ఇంటి గోలే అయితే రాసేవాణ్ణి కాదు. పైన కొండల్లో ఇల్లు అమ్ముకోవాలంటే కొనేవాడికి ఇన్సూరెన్స్ దొరకాలి, లేకపోతే లోను రాదు, బేరం అక్కడే ఆగిపోతుంది. కామినో వైపు యాపిల్ తోటలవాళ్లకి సెప్టెంబరు, అక్టోబరే సీజన్, ఆ వారాంతాల్లో పొగ పట్టిందా, జనం రారు, ఏడాది బేరం పోయినట్టే.

ఒక్క మాట, చేయించిన ప్రతి పనికీ ఫోటోలు, బిల్లులు దాచండి. ఇలాంటి జాగ్రత్తలకి డిస్కౌంట్ ఇచ్చి తీరాలని 2022లో రూల్ వచ్చింది, అయినా మనం అడిగితే గానీ కదలరు. మాకూ తగ్గించారు. మూడింతలు కాస్తా రెండున్నర ఇంతలయింది.