మెడ చూపించుకున్నాను
మూడు వారాలుగా మెడ నుంచి కుడి బొటనవేలి దాకా ఒకటే లాగుడు, తిమ్మిరి. నిన్న మారతహళ్ళిలో ఒక ఫిజియోథెరపిస్టు దగ్గరికి వెళ్ళాను. ఆవిడది అనంతపురం. లాగడం, పీకడం, జివ్వుమనడం... వీటికి తేడా ఏంటో ఆవిడకి వివరించాల్సిన పని లేకపోయింది. బెంగళూరులో అదెంత ఊరటో!

నేరుగా మెడ పట్టుకుంటారనుకున్నా. ముందు నడిపించి చూశారు. చొక్కా గుండీలు పెట్టుకోవడం కష్టమవుతోందా అని అడిగారు. వెన్నుపాము నలుగుతుంటే ఇలాంటి పనుల్లో తెలుస్తుందట. తర్వాత తల తిప్పమన్నారు. మామూలుగా ఒక్కో వైపు దాదాపు 80 డిగ్రీలు తిరగాలి. నాది కుడివైపు సగంలోనే ఆగిపోయింది.

ఆపైన తల కొంచెం వెనక్కి, కుడికి వంచి పైనుంచి మెల్లగా నొక్కారు. బొటనవేలి దాకా కరెంటు పాకినట్టయింది! మెడలో నరం నలుగుతోందేమో చూసే ఈ పరీక్షని స్పర్లింగ్ టెస్టు అంటారు, 1944లో దీని గురించి రాసిన న్యూరోసర్జన్ పేరు మీద. వెంటనే రెండు చేతులతో తల పట్టుకుని నెమ్మదిగా పైకి లాగారు. నొప్పి దిగిపోయింది. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. మూడు వారాల్లో నొప్పి లేని మొదటి క్షణాలు అవే.

మెడలో పూసలు 7, నరాల జతలు మాత్రం 8. బొటనవేలు తిమ్మిరెక్కితే ఆరో నరం, మధ్యవేలైతే ఏడోది, చిటికెనవేలైతే ఎనిమిదోది అని అనుమానిస్తారు. నాది ఆరోది. చేతిలో బలం తగ్గలేదు కాబట్టి ఎమ్మారై ఇప్పుడే వద్దన్నారు. గురువారం మళ్ళీ రమ్మన్నారు.