మా నాన్నగారి చెరువుల పుస్తకం తిరిగి దొరికిన విధం: నా అనుభవం

మా నాన్నగారు నల్గొండ జిల్లాలోని మా ఊరి చుట్టుపక్కల చెరువులు, కుంటల వెంట ఏళ్ల తరబడి తిరిగి, రైతులతోనూ, చెరువు నీళ్లను పొలాలకు వదిలే నీరటివాళ్లతోనూ మాట్లాడి, సుమారు 200 పేజీల పుస్తకం రాశారు. 2004లో చిక్కడపల్లిలోని ఒక డీటీపీ సెంటర్‌లో దానిని టైపు చేయించారు గాని, అచ్చుకు ఇచ్చేలోపే ఆరోగ్యం దెబ్బతిని ఆ పని ఆగిపోయింది. చేతిరాత ప్రతి మేము ఇల్లు మారినప్పుడు పోయింది. ఇక మిగిలింది ఆయన పాత కంప్యూటర్‌లోని ఫైళ్లే. గత ఏడాది దానిని ఆన్ చేస్తే లోపలి నుంచి టిక్కు టిక్కుమని శబ్దం వచ్చింది, తెర మాత్రం నల్లగానే ఉండిపోయింది.

ఒక దుకాణంలో చూపిస్తే, డిస్కును ఫార్మాట్ చేసి విండోస్ మళ్లీ వేస్తే బాగవుతుందని చెప్పారు. నేను సరేనన్నాను కూడా. మర్నాడు ఇచ్చి వద్దామనుకున్న ఆ సాయంత్రమే, మా బాగ్‌లింగంపల్లి అపార్ట్‌మెంట్‌లో ఉండే ఒక విశ్రాంత బ్యాంకు ఉద్యోగితో లిఫ్టు దగ్గర ఈ మాట అన్నాను. ఫార్మాట్ అన్న మాట వినగానే, అలా చేస్తే ఫైళ్లు చెరిగిపోతాయని ఆయన కంగారుపడి, ఆదివారం కంప్యూటర్ క్లబ్‌కు రమ్మని, అప్పటిదాకా దానికి ప్లగ్గు కూడా పెట్టవద్దని చెప్పారు.

క్లబ్ అంటే మా కింది అంతస్తులోని చిన్న హాలులో నెలకు రెండు ఆదివారాలు కూర్చునే ఇరవై మంది. ఎవరి సమస్య వారు తెస్తారు, తెలిసినవారు పక్కన కూర్చుని చెబుతారు. అక్కడ ఒక నియమం ఉంది. సమస్య ఎవరిదైతే మౌస్ వారి చేతిలోనే ఉండాలి. మొదట్లో నాకు ఇది ఇబ్బందిగా తోచింది. పని తెలిసినవారు రెండు నిమిషాల్లో చేసేదానికి నేను అరగంట తడబడడం దేనికని అనిపించింది. అయితే ఆ తర్వాతి వారాల్లో ఇంట్లో ఒంటరిగా చేసుకోవలసి వచ్చిన పని చాలా ఉంది, ఆ నియమం లేకపోతే నేను అందులో ఒక్కటి కూడా చేయగలిగేదానిని కాదు.

రైల్వే సిగ్నల్ విభాగంలో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన డిస్కు సంగతి చూశారు. "ముందు నకలు తీద్దామమ్మా. అసలు డిస్కు మీద ఒక్క అక్షరం కూడా రాయొద్దు. బాగుచేసే ప్రయత్నాలన్నీ నకలు మీదే" అన్నారు. అది 80 జీబీ డిస్కు, 40 పిన్నుల ఐడీఈ రకం, ఇప్పటి కంప్యూటర్లకు తగలదు. దానిని యూఎస్‌బీకి కలిపే అడాప్టర్‌ను ఆయన ఎప్పుడో సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని సీటీసీ అనే కంప్యూటర్ల బజారులో కొని దాచుకున్నారట. డిస్కు వెనక బియ్యపు గింజకన్నా కాస్త పెద్దదైన జంపర్ ఒకటి ఉంటుంది, డిస్కు ప్రధానమైనదా (మాస్టర్) కాదా అన్నది అది ఉన్న చోటును బట్టి తేలుతుంది. దానిని సన్న పట్టకారుతో తీసి మాస్టర్ స్థానంలో గుచ్చడం నాతోనే చేయించారు. రెండుసార్లు కింద పడింది, ఫోన్ లైటు వేసి బల్ల కింద వెతుక్కున్నాను. శబ్దం ఆగకుండా వస్తే వెంటనే కరెంటు తీసేయాలనీ, అప్పుడిక డిస్కు విప్పి చూసే ప్రత్యేకమైన ల్యాబుకే ఇవ్వాలనీ ముందే చెప్పి ఉంచారు.

విండోస్‌కు బదులు పెన్‌డ్రైవ్ మీద ఉన్న లినక్స్ అనే వ్యవస్థతో ల్యాప్‌టాప్‌ను తెరిచి, డీడీరెస్క్యూ అనే ప్రోగ్రామ్‌ను నడిపాం. మామూలుగా ఫైళ్లు కాపీ చేస్తే పాడైన చోట డిస్కు పదే పదే ప్రయత్నించి మరింత దెబ్బతింటుంది. ఈ ప్రోగ్రామ్ అలా కాక, సులభంగా చదవగలిగిన భాగాలను ముందు తెచ్చుకుని, మొండికేసిన భాగాలను చివర్లో చదవడానికి పక్కన పెడుతుంది. ఎక్కడిదాకా వచ్చిందో ఒక మ్యాప్ ఫైలులో రాసుకుంటుంది కాబట్టి మధ్యలో ఆపినా మళ్లీ అక్కడి నుంచే మొదలుపెట్టవచ్చు. గంటన్నరలో దాదాపు అంతా వచ్చేసింది. మిగిలిన కొద్దిపాటి కోసం మాత్రం తెల్లవారేదాకా నడిచింది. నేను ఆ రాత్రి రెండుసార్లు లేచి వెళ్లి చెవి దగ్గర పెట్టి విన్నాను. చివరికి కొన్ని వందల కేబీలు తప్ప అన్నీ దక్కాయి, నాన్నగారి ఫోల్డర్ కూడా అందులో ఉంది.

తీరా ఫైళ్లు తెరిస్తే ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు కలగలిసిన పిచ్చి వరసలు కనిపించాయి. పుస్తకం పాడైపోయిందనే అనుకున్నాను. ముప్పై ఏళ్లు డీటీపీ చేసిన ఒక సభ్యుడు చూసి, "ఏం పోలేదు మేడమ్, ఇది అను ఫాంటు" అని నవ్వారు. ఇంగ్లిష్ అక్షరాలకు కేటాయించిన స్థానాల్లో తెలుగు ముక్కల బొమ్మలు పెట్టిన ఫాంట్లు అవి. ఆ ఫాంట్ ఉంటే తెలుగు కనిపిస్తుంది, లేకపోతే అడుగున ఉన్న ఇంగ్లిష్ గుర్తులు బయటపడతాయి. ప్రపంచ భాషల అక్షరాలకు విడివిడిగా సంఖ్యలు కేటాయించే యూనికోడ్ ప్రమాణంలో 1991 నుంచే తెలుగుకు 128 స్థానాల సొంత గది ఉన్నా, అచ్చు పనులన్నీ జరిగే పేజ్‌మేకర్‌కు యూనికోడ్ తెలియదు కాబట్టి డీటీపీ సెంటర్లు ఈ పద్ధతినే వాడుతూ వచ్చాయి. ఆయన తన పాత కంప్యూటర్‌లో ఫైళ్లను తెరిచి, మాటర్‌ను విడిగా తీసి ఇచ్చారు. దానిని యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్‌లో వేస్తే నాన్నగారి వాక్యాలు కంటికి తెలుగుగా కనిపించాయి.

అసలు కష్టం అక్కడే మొదలైంది. "మత్తడి" అన్నది "వుత్తడి" అయింది, "సమయం" "సవుయుం" అయింది, "మా ఊరు" కాస్తా "వూ ఊరు" అయింది. ఆ ఫాంట్‌లో "మ"ను "వ" ఆకారానికి కొమ్ము తగిలించి చూపుతారట, కంటికి అది "మ", కన్వర్టర్‌కు "వు". "వు" ఉన్నచోటల్లా "మ" పెట్టేద్దామంటే వీలుకాదు. పుస్తకమే చెరువుల గురించి, పేజీకి పదిసార్లు ఆ మాట ఉంది, అలా చేస్తే చెరువులన్నీ "చెరుమలు" అవుతాయి.

క్లబ్‌కు వచ్చే ఇంజనీరింగ్ చదువుతున్న అమ్మాయి దీనికి పైథాన్‌లో చిన్న ప్రోగ్రామ్ రాస్తానంది. "కాని ఆంటీ, ఏది తప్పో ఏది ఒప్పో నాకు తెలియదు, మీరే చెప్పాలి" అంది. నాన్నగారి రాతలకు శుద్ధప్రతి రాసిపెట్టిన అలవాటు నాకు ఉంది. చెరువు, ఎరువు, కరువు, బరువు, ఆవు, నెలవు, కొలువు అంటూ "వు"ను ముట్టుకోకూడని మాటల జాబితా రాసి ఇచ్చాను. తూము, అలుగు, శిఖం, ఆయకట్టు అంటే ఏమిటో ఆ అమ్మాయి అడిగితే కాగితం మీద చెరువు బొమ్మ గీసి చూపించాను. మిగతా సభ్యులు కూడా చుట్టూ చేరారు, ఆ ఆదివారం గంటసేపు కంప్యూటర్ మాటే రాలేదు.

ప్రోగ్రామ్ తేల్చుకోలేని మాటలకు పసుపు రంగు వేసి వదిలేది, వాటిని నేను ఇంట్లో రోజూ రాత్రి కూర్చుని సరిచేసేదానిని. అన్నిటికన్నా ఎక్కువగా ఆపిన మాట "వుంది". "కట్ట మీద వంద వుంది కూలీలు" అంటే అది "మంది". "కట్ట కింద బావి వుంది" అంటే అది నిజంగానే "వుంది". వాక్యం చదివితే తప్ప తేలదు. ఆ ఒక్క మాట కోసమే పుస్తకం మొత్తం ఆరు వారాలు అక్షరం అక్షరం చదివాను. ఒక కుంట గురించిన పేజీన్నర మాత్రం డిస్కులో చదవలేకపోయిన భాగంలో పడి పోయింది, అక్కడ ఖాళీ వదిలి, ఖాళీ అని రాశాను.

పసుపు రంగు పూర్తిగా పోయిన రోజు ఆ అమ్మాయి ఇంకొక్క మాట అడిగింది. ఇప్పుడు అందరూ "ఉంది" అని రాస్తారు కదా, "వుంది"లన్నీ ఒక్క నొక్కుతో మార్చేయనా అని. వద్దన్నాను. నాన్నగారు జీవితాంతం అలాగే రాశారు.