ఓణీల ఫంక్షన్‌కి తిరుపతి వెళ్తున్నారా? ముందు జాకెట్టు సంగతి చూడండి

డాలస్ నుంచైనా, న్యూజెర్సీ నుంచైనా ఓణీల ఫంక్షన్‌కని తిరుపతి వచ్చే కుటుంబాలు సగం పనులు వాట్సాప్‌లోనే తెముల్చుకుంటాయి. బడి సెలవులు జూన్, జూలైలో. మార్చికల్లా మండపం, వంటవాళ్లు, ఫొటోగ్రాఫర్, మగ్గం వర్క్ జాకెట్టు ఖాయమైపోతాయి. ఎదిగిన పిల్లను దీవించే వేడుకే ఇది. కానీ తన ఒంట్లో ఏదో సరిచేయాల్సింది ఉందని పిల్లకు గట్టిగా అనిపించేదీ చాలాసార్లు ఇక్కడే. అందులో సగం పాపం మన ఏర్పాట్లదే.

మార్చిలో పంపిన కొలత జూలైకి పనికిరాదు. ఎదుగుదల జోరుగా ఉండే ఏడాదిలో ఆడపిల్ల 7, 8 కిలోలు పెరగడం మామూలే. మగ్గం పనేమో గుడ్డను చట్రానికి బిగించి, గీసిన గీత దాకా పూసలు కుట్టేస్తారు. కుట్లు విప్పి వదులు చేద్దామంటే లోపల చోటుండదు. ఫంక్షన్‌కి రెండ్రోజుల ముందు హుక్కు పడదు. "ఏమ్మే, ఇంత ఒళ్లొచ్చేసిందే!" అని అత్త నవ్వుతూనే అంటుంది. తప్పు కొలతది, మాట పడేది పిల్ల. ఆ రాత్రి నుంచి కంచంలో అన్నం తగ్గుతుంది.

అందుకని మగ్గం పని వీపు మీద, చేతుల అంచుల వరకే ఉంచమనండి. పక్క కుట్ల దగ్గర రెండు వైపులా అంగుళంన్నర గుడ్డ లోపలికి వదలమని, ఆ మేర ఒక్క పూసా పడకూడదని చెప్పండి. వెనక హుక్కుల బదులు తాళ్లు పెట్టిస్తే అంగుళం, రెండంగుళాల తేడా ఇట్టే సర్దుకుంటుంది. ఆది జాకెట్టు పంపి ఊరుకోకుండా, ఊళ్లో దిగాక మళ్లీ కొలతిచ్చి చివరి కుట్టు అప్పుడు వేయించండి. కొందరు టైలర్లు అడక్కుండానే ప్యాడ్లు పెట్టేస్తారు. పన్నెండేళ్ల పిల్లకు అవెందుకో! ముందే వద్దనండి.

తర్వాత రంగు. దిగిన మర్నాడే "నల్లబడిపోయినావే" మొదలవుతుంది, ఎవరో ఒకరు మెడికల్ షాపు నుంచి ట్యూబు తెచ్చిస్తారు. 1975లో వచ్చిన ఫెయిర్ అండ్ లవ్లీ 2020లో గ్లో అండ్ లవ్లీ అయింది గానీ, ఇళ్లలో తెలుపు మీద మోజు పోలేదు. అసలు భయం ఆ ట్యూబులతోనే. బీటామెథాసోన్, మొమెటాసోన్, క్లోబెటాసోల్... వీటిలో ఏ పేరు పెట్టె మీదున్నా డాక్టరు రాయకుండా ముఖానికి తాకనివ్వకండి. ఇవి స్టెరాయిడ్లు. మొదట్లో ముఖం తేటపడినట్టే ఉంటుంది. వాడగా వాడగా చర్మం పలచబడి ఎర్రటి సన్న నరాలు తేలతాయి, మొటిమలు, నూగు వస్తాయి. ఆపితే మంట, అందుకే మళ్లీ రాస్తారు. పార్లర్‌లో బ్లీచ్ కూడా వద్దు. అది తెల్లబరిచేది ముఖం మీది నూగును, దానికి లేత చర్మం మండాలా?

మేకప్ ఆవిడకు ఫౌండేషన్ షేడ్ దవడ అంచున, పగటి వెలుతురులో వేసి చూపమనండి. పది నిమిషాలు ఆగాకే ఒప్పుకోండి, ఆరాక రంగు మారుతుంది. రెండు షేడ్లు పెంచేస్తే మెడ, చేతులు వేరుగా కనబడతాయి, ఇక వాటికీ పూస్తారు.

చాలామంది మరిచేది ఫొటోగ్రాఫర్ సంగతి. మండపం గేటు దగ్గర నిలువెత్తు ఫ్లెక్సీ, అందులో పాలరాతి బొమ్మలా పిల్ల: మచ్చ లేదు, రంధ్రం లేదు, నడుము సన్నం. దాని పక్కనే అసలు పిల్ల నిలబడి చూసుకుంటుంది. అడ్వాన్స్ ఇచ్చేటప్పుడే వాట్సాప్‌లో రాసి పెట్టండి: చర్మం నునుపు చేయొద్దు, రంగు పెంచొద్దు, నడుము తగ్గించొద్దు, ఒరిజినల్ ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లో ఇవ్వాలి. ఆల్బమ్ డిజైన్, ఫ్లెక్సీ రెండూ చూసి సరేనన్నాకే ప్రింటు. ఫోన్లలో బ్యూటీ మోడ్ కూడా తీసేయించండి. అడుగు దూరంలో తీసిన సెల్ఫీలో ముక్కు, ఐదడుగుల దూరం నుంచి తీసిన ఫొటోలో కన్నా దాదాపు 30 శాతం వెడల్పుగా కనిపిస్తుంది. రెండూ తీసి పక్కపక్కన పెట్టి చూపిస్తే పిల్లకు మరో మాట చెప్పనక్కర్లేదు.

అవ్వకు బయల్దేరకముందే ఫోన్ చేయాలి. "రంగు, ఒళ్లు మాటెత్తొద్దు" అంటే నొచ్చుకుంటుంది. "పిల్ల తిండి మానేస్తుందేమోనని భయంగా ఉందమ్మా" అనండి, కాపలా తనే కాస్తుంది.

ఫొటోలు ఇన్‌స్టాలో పెట్టాక ఇంకో పోలిక మొదలవుతుంది. తమ ఒంటి గురించి బాధపడే టీనేజ్ ఆడపిల్లల్లో 32 శాతం మంది ఇన్‌స్టాగ్రామ్ ఆ బాధను ఇంకా పెంచిందన్నారని, 2021లో బయటపడ్డ ఆ కంపెనీ సొంత పరిశోధనే చెప్పింది. డైటింగ్ రీల్ వచ్చినప్పుడల్లా వేలు నొక్కి పట్టి "నాట్ ఇంట్రెస్టెడ్" కొట్టడం పిల్లకు నేర్పండి.

తిన్న వెంటనే బాత్రూమ్‌కి పోవడం, ఎండలోనూ ఒళ్లంతా కప్పే వదులు బట్టలు, కళ్లు తిరగడం, బరువు తగ్గుతూ మూడు నెలలు నెలసరి రాకపోవడం, వీటిని ప్రయాణ బడలికని సరిపెట్టుకోవద్దు, తిండికి సంబంధించిన జబ్బుకు గుర్తులు కావచ్చు. ఊళ్లో ఉంటే రుయా, స్విమ్స్ ఆసుపత్రులున్నాయి. మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే ఫోన్ లైను టెలీ మానస్ 14416కి చేస్తే తెలుగులోనే మాట్లాడతారు. అమెరికాలో పిల్లల డాక్టరిచ్చిన ఎదుగుదల చార్టు వెంట తెచ్చుకోండి. ఇక్కడ వాడే 2015 నాటి ఐఏపీ (భారత పిల్లల డాక్టర్ల సంఘం) చార్టులో అధిక బరువు గీత పెద్దల బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువు లెక్క) 23కి సరిపోయేలా గీసింది, అమెరికా చార్టు లెక్క వేరు. అక్కడ మామూలన్న పిల్లే ఇక్కడ "ఎక్కువ"లో పడొచ్చు. ఆ అంకె పిల్ల ఎదుట చెప్పొద్దని డాక్టరును ముందే అడగండి.