ఎండకి కొత్త ఆటగాడు

గల్ఫ్‌లో ఒక ఫుట్‌బాల్ క్లబ్‌లో ఫిజియోగా పనిచేస్తున్నాను. 2023లో బెంజెమా, నెయ్‌మార్ సౌదీ లీగ్‌కి వచ్చాక అందరి చూపూ ఇటు పడింది. అయితే ఇక్కడికి వచ్చేవాళ్లలో పెద్ద పేరు లేని కుర్రాళ్లు చాలామందే. చేతిలో ఏడాదో రెండేళ్లో కాంట్రాక్టు, ఇంటి దగ్గర వాళ్ల సంపాదన కోసం చూసే మనుషులు. నాలాగే పొట్ట చేత పట్టుకుని వచ్చినవాళ్లు.

ఆగస్టులో చల్లటి దేశం నుంచి వచ్చి దిగిన ఒంటికి ఈ వేడి అలవాటు కావాలంటే 10 నుంచి 14 రోజులు పడుతుంది. మొదటి నాలుగైదు రోజుల్లో రక్తంలో ప్లాస్మా, అంటే ద్రవభాగం, పెరిగి, గుండె మీద భారం కాస్త తగ్గుతుంది. తర్వాత చెమట త్వరగా, ఎక్కువగా పట్టడం మొదలై, అందులో పోయే ఉప్పు తగ్గుతుంది. రోజూ కొంతసేపు వేడిలో కదిలితేనే ఇదంతా జరుగుతుంది. ఏసీ గదిలో కూర్చుంటే జరగదు, తొందరపెడితే అసలే జరగదు.

"మ్యాచ్ రాత్రే కదా, ఎండ ఎక్కడిది?" అని కొత్తవాళ్లు అడుగుతారు. సముద్రం పక్కన ఆగస్టు రాత్రి గాలిలో తేమ ఎంతంటే, చెమట ఆరదు, బొట్లుబొట్లుగా కారిపోతుంది. ఆరని చెమట ఒంటిని చల్లబరచదు. అందుకే మేం మామూలు ఉష్ణోగ్రత ఒక్కటే చూడం, వేడి, తేమ, ఎండ, గాలి అన్నీ కలిపి చెప్పే డబ్ల్యూబీజీటీ అనే కొలత చూస్తాం. అందులో 70 శాతం వాటా తడిగుడ్డ చుట్టిన తడిబల్బు థర్మామీటరుదే, అంటే తేమ లెక్క గట్టిగా పడుతుంది. ఈ కొలత 32 డిగ్రీలు దాటితే ఆట మధ్యలో విరామం ఇవ్వాలన్నది ఫిఫా చాలాకాలంగా పాటించిన హద్దు. ఆటగాళ్ల సంఘం ఫిఫ్‌ప్రో మాత్రం 28 దాటితే మ్యాచ్ వాయిదా వేయమంటోంది. నేను ఫిఫ్‌ప్రో పక్షమే. 32 దాకా ఆగడమంటే, వేడికి ఇంకా అలవాటుపడని కుర్రాడిని లెక్కలోకి తీసుకోకపోవడమే.

ఒక సాయంత్రం ప్రాక్టీసులో కొత్తగా వచ్చిన మిడ్‌ఫీల్డర్ సులువైన పాస్‌లు తప్పుతున్నాడు. తోటివాడి మీద ఊరికే విసుక్కున్నాడు. లేసు కట్టుకోవడానికి వంగి, అలాగే ఉండిపోయాడు. ఎలా ఉందంటే "బాగానే ఉన్నా" అన్నాడు. స్కోరు అడిగితే తడుముకున్నాడు. వెంటనే బయటికి తీసుకొచ్చి మంచునీళ్ల టబ్‌లో కూర్చోబెట్టాం. కోలుకున్నాక అతను అడిగిన మొదటి మాట, "కోచ్‌కి చెప్పాలా?" అని.

ఆ భయమే నన్ను ఎక్కువ బాధపెడుతుంది. ఉద్యోగం కొత్త, వీసా క్లబ్ చేతిలో ఉంది. కళ్లు తిరుగుతున్నాయని ఎవరు చెప్పుకుంటారు? కాబట్టి అతను నోరు తెరవకపోయినా రక్షణ దొరికేలా ఏర్పాట్లుండాలి. ప్రాక్టీసుకి ముందూ తర్వాతా ఒళ్లు తుడుచుకుని అందరూ తూకం యంత్రమెక్కాలి. బరువు 2 శాతం మించి తగ్గిందంటే తాగింది చాలలేదన్నమాట. అలాగని ఉప్పు లేకుండా నీళ్లు ఒకటే పట్టించడం కూడా ప్రమాదమే, రక్తంలో సోడియం పడిపోతుంది. జ్వరం, విరేచనాలు ఉన్నవాణ్ని ఆ రోజు గ్రౌండులోకి దింపకూడదు. జలుబు మాత్రలు వేసుకున్నా మాకు చెప్పాలి, కొన్ని చెమటని తగ్గిస్తాయి.

వడదెబ్బ తగిలి ఒళ్లు 40 డిగ్రీలు దాటి మనిషి తికమకపడుతుంటే, ముందు అక్కడే చల్లబరచాలి, ఆసుపత్రి తర్వాతే. అరగంటలోపు వేడి దింపాలి. నుదుటి మీద పెట్టే థర్మామీటరుని నమ్మకూడదు, మలద్వారంలో పెట్టి చూసేదే నిజం చెబుతుంది. టబ్, మంచు గ్రౌండు పక్కనే సిద్ధంగా లేకపోతే ఆ రోజు ప్రాక్టీసు వద్దనే నా మాట. దీని మీద మేనేజ్‌మెంట్‌తో గొడవపడ్డాను, మళ్లీ పడతాను.

సంతకం పెట్టబోయే కుర్రాళ్లు ఫోన్ చేస్తే జీతం గురించి నేను మాట్లాడను. మొదటి మ్యాచ్‌కి కనీసం రెండు వారాల ముందే రప్పిస్తారా, ఆటగాణ్ని ఆపే అధికారం డాక్టరుదా కోచ్‌దా అన్నవి అడిగి కాగితం మీద రాయించుకోమంటాను. సెలవుకి చల్లటి దేశం వెళ్లి కొన్ని వారాలుంటే వేడికి పడిన అలవాటు పోతుంది, తిరిగొచ్చాక మళ్లీ అలవాటు చేసుకోవాలి. ఆ రోజులూ కాంట్రాక్టులో ఉండాలి.