పాయింట్లు తీసి ప్రోగ్రామబుల్ యూనిట్ బిగించడం: 1973 ఆర్డీ 350 పని చిట్టా

నా టూ స్ట్రోక్ బైక్ 1973 నాటి యమహా ఆర్డీ 350లో రెండు సిలిండర్లకు రెండు జతల కాంటాక్ట్ పాయింట్లు (కాయిల్ కరెంటును కలిపి విడదీసే మెకానికల్ స్విచ్‌లు), రెండు కండెన్సర్లు, రెండు ఇగ్నిషన్ కాయిల్స్ ఉంటాయి. ఆ పాయింట్లను తీసేసి, స్పార్క్ ఎప్పుడు పడాలో వేగాన్ని బట్టి నిర్ణయించే ప్రోగ్రామబుల్ ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ యూనిట్‌ను బిగించిన పని చిట్టా ఇది. ఒక పిస్టన్ పై కొసకు, అంటే టీడీసీకి, చేరినప్పుడు రెండోది కింది కొసన ఉంటుంది కనుక క్రాంక్ ఒక్క చుట్టు తిరిగేలోగా 180 డిగ్రీల ఎడంతో రెండు స్పార్కులు పడాలి. కంపెనీ చెప్పిన టైమింగ్, అంటే స్పార్క్ పడాల్సిన చోటు, పిస్టన్ టీడీసీకి ఇంకా 2.0 మి.మీ. కింద ఉన్నప్పుడు. ఈ ఇంజన్‌లో అడ్వాన్స్‌ను, అంటే టీడీసీకి ఎంత ముందు స్పార్క్ పడాలన్నదాన్ని, వేగాన్ని బట్టి మార్చే బరువులూ స్ప్రింగులూ లేవు. కిక్ కొట్టేటప్పుడూ 8,000 ఆర్పీఎంలోనూ స్పార్క్ పడే చోటు ఒక్కటే.

పాయింట్లు చెడ్డవని నేను అనను. యాభై ఏళ్లు బండిని నడిపించినవి అవే. అయితే క్యామ్ మీద రాసుకునే పాయింట్ మడమ అరిగినకొద్దీ ఖాళీ తగ్గుతుంది, ఖాళీ తగ్గితే పాయింట్లు ఆలస్యంగా విడివడతాయి, టైమింగ్ వెనక్కి జారుతుంది. రెండు జతలూ ఒకే తీరున అరగవు కనుక కొన్నాళ్లకు రెండు సిలిండర్లూ రెండు వేర్వేరు టైమింగ్‌లతో నడుస్తుంటాయి. 0.35 మి.మీ. ఖాళీని ఫీలర్ గేజ్‌తో సరిచేసిన ప్రతిసారీ టైమింగ్‌ను మళ్లీ మొదటి నుంచి చూసుకోవలసి రావడమే నన్ను ఈ పనికి పురికొల్పింది. బలం పెరుగుతుందన్న ఆశ నాకు మొదటి నుంచీ అంతగా లేదు.

మొదటి వారం: కొలతలు

యూనిట్‌ను డబ్బాలోంచి తీయకముందే టీడీసీని పట్టుకోవడానికి పూర్తిగా రెండు సాయంత్రాలు పట్టింది. ప్లగ్ రంధ్రంలో డయల్ గేజ్ పెట్టి, ముల్లు ఆగిన చోటే టీడీసీ అనుకోవడం చాలామంది చేసే పొరపాటు. ఈ ఇంజన్ స్ట్రోక్ 54 మి.మీ., కనెక్టింగ్ రాడ్ పొడవు 110 మి.మీ. ఈ లెక్కన క్రాంక్ టీడీసీ నుంచి ఒక డిగ్రీ కదిలినా పిస్టన్ కిందికి దిగేది 0.005 మి.మీ. మాత్రమే, అంటే 0.01 మి.మీ. గీతలున్న గేజ్ మీద అది కనిపించనే కనిపించదు. అదే 20 డిగ్రీల దగ్గరయితే ఒక్కో డిగ్రీకి పిస్టన్ సుమారు 0.2 మి.మీ. కదులుతుంది. అందువల్ల క్రాంక్ కొసకు డిగ్రీ చక్రం బిగించి, పిస్టన్ టీడీసీకి 2.0 మి.మీ. కింద ఉన్న స్థానాన్ని ముందువైపు ఒకసారి, దాటిన తర్వాత ఒకసారి గుర్తించి, ఆ రెండు గుర్తుల మధ్య దూరాన్ని సగం చేసి అసలు టీడీసీని నిర్ణయించాను. కంపెనీ చెప్పిన 2.0 మి.మీ. అంటే దాదాపు 20 డిగ్రీలు అన్న సంగతి కూడా ఈ లెక్కలోనే తేలింది. యూనిట్ డిగ్రీల్లోనే మాట్లాడుతుంది కనుక ఆ సంఖ్య తరువాత ప్రతి దశలోనూ పనికివచ్చింది.

కుడి సిలిండర్‌ను కూడా అలాగే కొలిచినప్పుడు దాని టీడీసీ 180కి బదులు 181 డిగ్రీల వద్ద వచ్చింది. ముక్కలుగా చేసి ప్రెస్‌తో కూర్చిన క్రాంక్ కనుక ఈపాటి తేడా ఆశ్చర్యం కాదు. దాన్ని విప్పి సరిచేసే పని పెట్టుకోలేదు, పుస్తకంలో రాసి పెట్టుకున్నాను.

రెండో వారం: డిస్క్, పికప్‌లు

క్యామ్ స్థానంలో 50 మి.మీ. వ్యాసం గల ఉక్కు డిస్క్‌ను లేత్ మీద చేయించాను. దాని అంచున ఒకే ఒక లోబ్ (పొడుచుకు వచ్చిన భాగం) ఉంది: ముందు అంచు టీడీసీకి 36 డిగ్రీల ముందు, వెనక అంచు 8 డిగ్రీల ముందు పికప్ కాయిల్‌ను (లోబ్ దాటినప్పుడు యూనిట్‌కు సిగ్నల్ ఇచ్చే సెన్సర్‌ను) దాటేటట్లు. ఈ వ్యాసం మీద ఒక డిగ్రీ అంటే 0.44 మి.మీ. కనుక చేత్తో గీసిన గీత ఒక మిల్లీమీటరు అటూ ఇటూ అయితే రెండు డిగ్రీలకు పైగా తప్పు వస్తుంది. ఆ తప్పును తరువాత సాఫ్ట్‌వేర్‌లో సర్దవచ్చు, కాని ఎంత తప్పు ఉందో తెలిస్తేనే సర్దగలం.

పికప్‌లు ఒకటి సరిపోతుందా, రెండు కావాలా అన్నది కాసేపు ఆలోచించాను. ఒకే పికప్‌తో, రెండు లోబ్‌లతో, రెండు ప్లగ్‌లూ ప్రతి 180 డిగ్రీలకూ ఒకేసారి స్పార్క్ ఇచ్చే ఏర్పాటు చవకైనదే. ఫోర్ స్ట్రోక్ బళ్లలో ఈ వృథా స్పార్క్ పద్ధతి బాగానే పనిచేస్తుంది. టూ స్ట్రోక్‌లో మాత్రం ఆ వృథా స్పార్క్ పిస్టన్ కింది కొసను సమీపిస్తుండగా, ట్రాన్స్‌ఫర్ పోర్టులు తెరుచుకుని కొత్త మిశ్రమం లోపలికి వస్తున్న వేళ పడుతుంది. ఆ రిస్క్ నాకు నచ్చలేదు. కనుక పలక మీద 180 డిగ్రీల ఎడంతో రెండు పికప్‌లు పెట్టి, ఒక్కోదాన్ని యూనిట్‌లో ఒక్కో ఛానల్‌కు కలిపాను. లోబ్‌కూ పికప్‌కూ మధ్య ఖాళీ 0.7 మి.మీ. కుడి క్రాంక్‌లో కనిపించిన ఆ ఒక్క డిగ్రీని రెండో ఛానల్ ఆఫ్‌సెట్‌లో సరిచేయడానికి ఒక నిమిషం కూడా పట్టలేదు.

మూడో వారం: వైరింగ్

పాత కాయిల్స్‌నే ఉంచాను. ప్రైమరీ రెసిస్టెన్స్ రెండింటిలోనూ 4 ఓంలకు కాస్త పైనే ఉంది, లీకేజీ లేదు. పాయింట్లతో 1,200 ఆర్పీఎంలో క్రాంక్ ఒక చుట్టు తిరగడానికి 50 మిల్లీసెకన్లు పడుతుంది, పాయింట్లు అందులో దాదాపు సగం కాలం మూసుకుని ఉంటాయి, అంటే కాయిల్ నిండడానికి అవసరమైనదానికన్నా ఎన్నో రెట్ల సేపు కరెంటు పారి వేడిగా మారిపోతుంది. యూనిట్‌లో డ్వెల్‌ను, అంటే స్పార్క్‌కు ముందు కాయిల్‌లో కరెంటు పారే కాలాన్ని, 3.2 మిల్లీసెకన్లుగా పెట్టాను. 8,000 ఆర్పీఎంలో చుట్టుకు 7.5 మిల్లీసెకన్లు ఉంటాయి కనుక అక్కడ కూడా కాయిల్ నిండడానికి వ్యవధి చాలుతుంది. ఇంజన్ ఆగి, తాళం ఆన్‌లో ఉండిపోతే యూనిట్ కాయిల్ కరెంటును తానే ఆపేస్తుంది. పాయింట్లతో ఇలా మరిచిపోయి ఒకసారి కాయిల్ కాల్చుకున్న నాకు ఈ ఒక్క సౌకర్యమే చాలు.

అసలు సమస్య మరోచోట దొరికింది. బ్యాటరీ వద్ద 12.6 వోల్టులుంటే కాయిల్ వద్దకు చేరుతున్నవి 11.1 మాత్రమే. ఒకటిన్నర వోల్టు తాళంలోనూ, కిల్ స్విచ్‌లోనూ, పచ్చబడిన కనెక్టర్లలోనూ పోతున్నది. కాయిల్‌లో నిలిచే శక్తి కరెంటు వర్గానికి అనుపాతం కనుక, కాయిల్ పూర్తిగా నిండినా, ఈ నష్టం వల్ల స్పార్క్ శక్తి 22 శాతం తగ్గినట్లే. కొత్త ఇగ్నిషన్ బిగించగానే బండి మెరుగైందని సంతోషించేవారిలో కొందరికి ఆ మెరుగుదల నిజానికి దానితో పాటు వైరింగ్ బాగుపడటం వల్ల వచ్చిందేనని నా అనుమానం. బ్యాటరీ నుంచి 10 ఆంపియర్ల ఫ్యూజ్ ద్వారా ఒక రిలేకు నేరుగా వైరు లాగి, పాత కిల్ స్విచ్ ఆ రిలేను మాత్రమే పనిచేయించేటట్లు మార్చాను. ఇప్పుడు కాయిల్ వద్ద 12.4 వోల్టులు వస్తున్నాయి.

యూనిట్‌ను సీటు కింద, రబ్బరు ముక్కల మీద ఉంచాను. దాని ఎర్త్ వైరును ఫ్రేమ్‌కు కాకుండా బ్యాటరీ నెగటివ్‌కే తెచ్చి, ఇంజన్ కేసింగ్ నుంచి విడిగా మరో ఎర్త్ వైరు వేశాను. పికప్ వైర్లను జతలుగా మెలిపెట్టి, ప్లగ్‌లకు వెళ్లే హైటెన్షన్ (హెచ్‌టీ) వైర్లకు దూరంగా ఫ్రేమ్ రెండో పక్కనుంచి నడిపించాను. ప్లగ్ క్యాప్‌లు 5 కిలోఓంల రెసిస్టర్ ఉన్నవి పెట్టాను.

నాలుగో వారం: ఎదురుదెబ్బ

మొదటి కిక్‌కే పెడల్ ఎదురు తన్నింది. రెండోసారీ అంతే. చీలమండ నొప్పితో కూర్చుని చూస్తే, ఎడమ పికప్ రెండు వైర్లు తారుమారయ్యాయని తెలిసింది. ఇటువంటి పికప్ లోబ్ ముందు అంచు దాటేటప్పుడు ఒక దిశలోనూ, వెనక అంచు దాటేటప్పుడు వ్యతిరేక దిశలోనూ సిగ్నల్ ఇస్తుంది. స్టార్ట్ చేసే వేగంలో యూనిట్ ఏ లెక్కా వేయకుండా వెనక అంచు వద్దే స్పార్క్ ఇవ్వాలి, అంటే 8 డిగ్రీల ముందు. వైర్లు తిరగబడినప్పుడు అది ముందు అంచునే వెనక అంచు అనుకుని 36 డిగ్రీల ముందే స్పార్క్ ఇచ్చింది. నెమ్మదిగా పైకి వస్తున్న పిస్టన్‌ను ఆ పేలుడు వెనక్కి నెట్టింది. టూ స్ట్రోక్ ఇంజన్ ఇటువంటప్పుడు వెనక్కి తిరగడం మొదలుపెట్టి అలాగే నడవగలదు కూడా, కాబట్టి గేరులో ఉంచి తోసి స్టార్ట్ చేయాలన్న ఆలోచన రాకపోవడం మంచిదైంది. వైర్లు మార్చాక ఇంజన్ మూడో కిక్‌కు అందుకుంది.

ఐదో వారం: టైమింగ్ లైట్

ఏ వేగంలో ఎంత అడ్వాన్స్ ఇవ్వాలో చెప్పే కర్వ్ జోలికి వెళ్లకుండా, మొదట అన్ని వేగాల్లోనూ 20 డిగ్రీలే ఇమ్మని యూనిట్‌కు చెప్పి, 90 మి.మీ. అల్యూమినియం పలక మీద డిగ్రీలు గీసి తాత్కాలికంగా క్రాంక్ కొసకు బిగించి, స్పార్క్ పడ్డప్పుడల్లా వెలిగే టైమింగ్ లైట్‌తో చూశాను. 1,500 ఆర్పీఎంలో గుర్తు 20కి దగ్గరగా ఉంది. 6,000కు చేరేసరికి 18.5కు జారింది. దీనికి కారణం సిగ్నల్ గుర్తించడానికి పట్టే స్థిరమైన ఆలస్యం: 6,000లో క్రాంక్ ఒక మిల్లీసెకనులో 36 డిగ్రీలు తిరుగుతుంది కనుక ఒకటిన్నర డిగ్రీ తేడా అంటే సుమారు 40 మైక్రోసెకన్లు. లైట్‌కూ తన సొంత ఆలస్యం ఉండవచ్చు కాబట్టి వేరొక లైట్‌తోనూ చూసి, రెండూ ఒకే మాట చెప్పాకే ఆ 40 మైక్రోసెకన్ల సవరణను యూనిట్‌లో నమోదు చేశాను. ఆ తరువాత గుర్తు కదలలేదు.

ఇప్పటి కర్వ్

స్టార్టింగ్‌లో 8, 1,200 ఆర్పీఎంలో 14, 2,000లో 20, 3,500 నుంచి 5,000 వరకు 22, 6,500లో 20, 7,500లో 18, 8,500లో 15 డిగ్రీలు. మధ్య వేగాల్లో 22 దాటకూడదని ముందే నిశ్చయించుకున్నాను. ఎక్కువ అడ్వాన్స్ వల్ల కలిగే నాకింగ్ గాలితో చల్లబడే టూ స్ట్రోక్‌లో చెవికి వినబడేలోపే పిస్టన్ అంచును తినేయగలదు. పై వేగాల్లో తగ్గించడానికి కారణం వేరు: ఆలస్యంగా మండిన మిశ్రమం ఎగ్జాస్ట్‌లోకి ఎక్కువ వేడితో వెళ్తుంది, వేడి వాయువులో ధ్వని తరంగాలు వేగంగా ప్రయాణిస్తాయి, దానితో సైలెన్సర్ సహకరించే ఆర్పీఎం పరిధి కొంచెం పైకి జరుగుతుంది, పైగా పిస్టన్ మీద ఒత్తిడీ తగ్గుతుంది. నడపడంలో తెలిసే తేడా మాత్రం పై వేగాల్లో కాదు, కింద ఉంది. ఐడిల్ నిలకడగా ఉంటోంది, 2,000 దగ్గరి ముక్కుతూ మూలిగే స్వభావం చాలావరకు పోయింది.

400 కిలోమీటర్ల తరువాత ప్లగ్‌లు తీసి చూశాను. ఎడమది లేత గోధుమ రంగులో ఉంది, కుడిది కొంచెం తెల్లగా కనిపించింది, అంటే ఆ సిలిండర్ ఎక్కువ వేడెక్కుతున్నదన్న సూచన. కుడి ఛానల్‌లో కర్వ్ మొత్తాన్నీ ఒక డిగ్రీ వెనక్కి తీసి, ఆ కార్బొరేటర్ మెయిన్ జెట్‌ను (పెట్రోలు వచ్చే రంధ్రాన్ని) ఒక సైజు పెంచాను. రెండు మార్పులు ఒకేసారి చేయడం నా నియమానికి విరుద్ధమే, కాని తెల్లటి ప్లగ్‌తో ప్రయోగాలు చేసే ధైర్యం నాకు లేదు. వచ్చే వారం జెట్‌ను అలాగే ఉంచి, తీసిన డిగ్రీని తిరిగి ఇచ్చి, ప్లగ్ రంగు మళ్లీ చూడాలి.