కౌలు కార్డు: ఆసామి సంతకం నుంచి కాటా దాకా

మన నెల్లూరు, ప్రకాశం జిల్లాలకు ఒక విశేషం ఉంది. 2019 అక్టోబరు 15న వైఎస్సార్ రైతు భరోసా మొదలుపెట్టింది నెల్లూరు పక్కనున్న కాకుటూరులో. 2025 ఆగస్టు 2న అన్నదాత సుఖీభవ మొదలుపెట్టింది దర్శి దగ్గర వీరాయపాలెంలో. మొదటిది ఏడాదికి 13,500, రెండోది 20,000. రెండు లెక్కల్లోనూ కేంద్రం ఇచ్చే పీఎం కిసాన్ 6,000 కలిపే చెప్పారు. మేమెక్కువిచ్చామంటే మేమెక్కువిచ్చామని రెండు పార్టీల వాళ్లూ టీ అంగడి దగ్గర వాదులాడుకుంటారు. ఆ డబ్బు దున్నేవాడికి చేరుతోందా, పట్టా ఉన్నవాడికి చేరుతోందా అని అడిగి చూడండి, ఇద్దరూ ఒకే పార్టీ అయిపోతారు.

కౌలు రైతు సంఘం తరఫున కార్డుల పని చూసేవాణ్ని. పథకాల మీద నాకున్న అభిప్రాయమంతా ఈ కాగితాల దగ్గర ఏర్పడిందే, అందుకే కాగితాల సంగతే ముందు చెబుతాను.

కార్డు అసలు పేరు పంట సాగుదారు హక్కు పత్రం. ఊళ్లో సీసీఆర్సీ అంటారు, లేదంటే కౌలు కార్డు. 2019లో చేసిన చట్టం కింద ఇస్తారు, గడువు పదకొండు నెలలు. పంట రుణం, బీమా, తుపానుకు పోయిన పంటకు ఇన్‌పుట్ సబ్సిడీ, మద్దతు ధరకు ధాన్యం అమ్మకం, అన్నిటికీ ఆధారం ఇదే. కుటుంబ పెద్ద అప్పుల బాధతో ప్రాణం తీసుకుంటే, అతను కౌలు రైతేనని చూపించడానికి ఇంట్లోవాళ్ల చేతిలో ఉండాల్సిన కాగితమూ ఇదే.

దరఖాస్తు కంటే ముందు పొలం 1బీ (పొలం ఎవరి పేరున ఎంత ఉందో చూపే రెవెన్యూ రికార్డు) కాపీ తీసుకోండి. ఒప్పంద పత్రంలో ఆసామి (పొలం యజమాని) పేరు, తండ్రి పేరు, ఖాతా నంబరు, సర్వే నంబరు, విస్తీర్ణం 1బీలో ఎలా ఉంటే అచ్చం అలాగే రాయాలి. సర్వే నంబరుకు సబ్‌డివిజన్ వదిలేయకూడదు. 112 వేరు, 112/2ఏ వేరు. విస్తీర్ణం ఎకరాలు, సెంట్లలో రాయాలి, 'సుమారు మూడెకరాలు' అని రాస్తే వెనక్కొస్తుంది. రీసర్వే అయిన ఊళ్లలో పాత సర్వే నంబర్ల స్థానంలో ఎల్‌పీఎం నంబర్లు వచ్చాయి. పాత కౌలు చీటీ చూసి పాత నంబరే ఎక్కిస్తే కంప్యూటర్‌లో ఆ పొలం దొరకదు. పత్రం తెల్లకాగితం మీద చాలు, స్టాంపు పేపరు కొనమని ఎవరైనా అంటే కొనక్కర్లేదు.

1బీలో చనిపోయిన తండ్రి పేరే ఉండి, కౌలుకిచ్చింది కొడుకులైతే పని ఆగిపోతుంది. ముందు వాళ్లు మ్యుటేషన్ (రికార్డులో పేరు మార్పు) చేయించుకోవాలి, దానికి టైము పడుతుంది కాబట్టి నారు పోసే రోజుల్లో గుర్తుకు తెచ్చుకుంటే లాభం లేదు. ప్రభుత్వం పేదలకిచ్చిన డీకేటీ పట్టా (అసైన్డ్) భూమికి అసలు కార్డు రాదు. అసైన్డ్ భూమిని కౌలుకివ్వడమే 1977 చట్టం ప్రకారం చెల్లదు. దేవుడి మాన్యమైతే వేలంపాట రశీదు పట్టుకుని గుడి ఈవో దగ్గరికి వెళ్లాలి.

ఇవన్నీ సరిచేసుకోవచ్చు. సంతకం దగ్గరే అందరూ ఆగిపోతారు. ఆసామి, కౌలుదారు, వీఆర్వో ముగ్గురూ సంతకం పెడితేనే కార్డు. పైకి ఆసాములు చెప్పే భయం ఒకటే: రేపు పొలం నాదంటాడేమోనని. కౌలుదారును తేలిగ్గా ఖాళీ చేయించనివ్వని 1956 నాటి కౌలు చట్టం జ్ఞాపకం పెద్దవాళ్లలో ఇంకా ఉంది. ఈ కార్డుతో భూమి మీద ఏ హక్కూ రాదని, హక్కు పంట మీద మాత్రమేనని 2019 చట్టమే చెబుతోంది. ఆ మాట వీఆర్వో నోటితో ఆసామికి చెప్పించండి, మనం చెప్పినదాని కంటే బాగా ఎక్కుతుంది.

పైకి చెప్పని కారణాలు వేరే. అదే సర్వే నంబరు మీద ఆసామికి బ్యాంకులో పంట రుణం ఉంటుంది. పథకం డబ్బు అతని ఖాతాలో పడుతుంటుంది. ఈ-క్రాప్ (ప్రభుత్వ పంట నమోదు) తన పేరున ఉంటే బీమా, నష్టపరిహారం కూడా తనకే. అలాంటివాడు ఊరికే ఎందుకు సంతకం పెడతాడు? ఉన్నది ఒక్కటే అదను. కౌలు మాట్లాడుకున్నాక, డబ్బు చేతిలో పెట్టక ముందు అడగాలి. కౌలు పైకం ఇచ్చేసి, దమ్ము చేసి, నాటు కూడా వేశాక అడిగితే 'చూద్దాంలే' అంటారు. ఆసామి హైదరాబాదులోనో బెంగుళూరులోనో ఉంటే నింపిన పత్రం దసరాకు ఊరొచ్చినప్పుడు ముందు పెట్టాలి. సంక్రాంతికి అంటే మన పెన్నా డెల్టాలో పైరు సగం వయసుకు వచ్చేసి ఉంటుంది.

తేదీ విషయంలో నెల్లూరు వాళ్లు ప్రత్యేకంగా జాగ్రత్తపడాలి. రాష్ట్రమంతా కార్డుల హడావుడి ఖరీఫ్ లెక్కన నడుస్తుంది. మన పెద్ద పంట రబీ. జూన్ 1 తేదీ వేసుకున్న ఒప్పందానికి ఏప్రిల్ ఆఖరుతో గడువు తీరుతుంది. కోత ఆలస్యమైనా, కొనుగోలు కేంద్రం దగ్గర ధాన్యం ఆగినా కార్డు చచ్చిపోయి ఉంటుంది. రబీ తర్వాతి ఎడగారు పంటకు ఎలాగూ కొత్తది కావాలి. అందుకని నిజంగా కౌలు మొదలయ్యే తేదీనే వేయండి. జూన్‌లో క్యాంపు పెట్టారని జూన్ తేదీ వేసుకోవద్దు.

కార్డు వచ్చాక ఈ-క్రాప్. రైతు సేవా కేంద్రం సహాయకుడు పొలానికి వచ్చి, అక్కడే నిలబడి ఫొటో తీయాలి. ఊళ్లో కూర్చుని 1బీ చూసి ఎక్కిస్తే పంట ఆసామి పేరు మీదికి పోతుంది, ఇది చాలా మామూలుగా జరిగే పని. ఆ తర్వాత ఈకేవైసీ, అంటే ఆ పేరు మనదేనని ఆధార్ ద్వారా నిర్ధారించడం. వేలిముద్ర పడాలి. నాట్లేసి, కలుపు తీసి అరిగిపోయిన వేళ్లకు మిషన్ 'సరిపోలలేదు' అంటుంది. ఆధార్‌కు ఫోన్ నంబరు లింకయి ఉంటే ఓటీపీతో అయిపోతుంది, ఆ లింకు పని ముందే చూసుకోండి. జాబితా కేంద్రంలో అంటించినప్పుడు పేరు, విస్తీర్ణం, పంట రకం మూడూ చదవండి. అభ్యంతరం చెప్పడానికి ఇచ్చే గడువు తక్కువ, దాటితే ఆ సీజనుకు ఇక దిద్దరు.

బ్యాంకు గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే అసలు డబ్బు అక్కడుంది. నోటిమాట కౌలుదార్లకు, కోరుకు (పంటలో వాటాకు) చేసేవాళ్లకు కూడా కిసాన్ క్రెడిట్ కార్డు ఇవ్వొచ్చని రిజర్వ్ బ్యాంకు నిబంధనలే చెబుతున్నాయి. తనఖా లేకుండా ఇచ్చే వ్యవసాయ రుణం పరిమితి 2025 జనవరి 1 నుంచి 2 లక్షలు. 3 లక్షల లోపు పంట రుణానికి వడ్డీ 7 శాతం, గడువులోగా కడితే 4 శాతం. ఇప్పుడు ఊరి లెక్క చూడండి. లక్షా పాతిక వేలు నూటికి మూడు రూపాయల వడ్డీకి తెస్తే ఆరు నెలలకు 22,500. అదే 4 శాతానికి 2,500. తేడా 20,000. అంటే ఏడాదంతా పోస్టర్లేసి చెప్పుకునే పథకం డబ్బు మొత్తం ఒక్క పంటకే వడ్డీలో పోతోంది. ఏ ప్రభుత్వమూ ఈ లెక్క వేదిక మీద చెప్పదు.

మేనేజరు మామూలుగా చెప్పే అడ్డంకి 'ఈ నంబరు మీద ఇప్పటికే ఆసామికి లోను ఉంది' అని. వాదనకు దిగొద్దు. దరఖాస్తు ఇచ్చి, తీసుకున్నట్టు ముద్ర వేయించుకుని, ఇవ్వలేకపోతే కారణం రాసివ్వమనండి. ఆ కాగితం ఉంటే లీడ్ బ్యాంకు మేనేజరు దగ్గర, సోమవారం కలెక్టరేట్ గ్రీవెన్స్‌లో మాట్లాడటానికి వీలుంటుంది, లేకపోతే మాటకు మాటే మిగులుతుంది. ఒంటరిగా రానిది గుంపుగా వస్తుంది కూడా. నాలుగు నుంచి పది మంది దాకా కలిసి ఉమ్మడి పూచీ ఉండే గుంపుగా, అంటే జేఎల్‌జీగా ఏర్పడొచ్చు. ఒకడు ఎగ్గొడితే మిగతావాళ్ల మీద పడుతుంది కాబట్టి చుట్టరికం చూసి కాదు, బాకీ తీర్చే అలవాటు చూసి చేర్చుకోండి.

అమ్మకం దగ్గర సూత్రం ఒకటే: కార్డు, ఈ-క్రాప్, ఆధార్ లింకైన బ్యాంకు ఖాతా, మూడింట్లో ఒకే పేరు. తేమ 17 శాతం లోపు ఉండాలి. మిషన్ కోత ధాన్యం పచ్చిగానే దిగుతుంది, ఆరబెట్టుకోవడానికి పరదాలు, కల్లం ఉండాలి. 2025-26లో ఏ గ్రేడు మద్దతు ధర క్వింటాలుకు 2,389. మన పుట్టి 850 కిలోలు కాబట్టి పుట్టికి 20,306 రూపాయల చిల్లర. దళారి చెప్పే ధర వినేటప్పుడు పుట్టికి ఎన్ని కిలోలు కాటా వేస్తాడో కూడా అడగండి. తేమ పేరు చెప్పి 850 మీద పెట్టించుకునే ప్రతి కిలో ధర తగ్గింపే. కార్డు లేనివాడికి ఆ బేరం తప్ప దారి లేదు.

ఇప్పుడు రాజకీయం. 2011 చట్టం కింద రుణ అర్హత కార్డులు ఇచ్చినప్పుడు ఆసామి సంతకం అక్కర్లేదు. బ్యాంకులు ఆ కార్డులకూ సరిగ్గా అప్పులివ్వలేదు, నిజమే. కానీ సాగు చేసేవాణ్ని ప్రభుత్వం తనంతట తాను గుర్తించడమన్న పద్ధతి అందులో ఉంది. 2019 చట్టం దాన్ని తీసేసి, గుర్తింపును ఆసామి దయ మీద పెట్టింది. రైతు భరోసాలోనేమో కౌలుదారుకు భూమి ఉండకూడదన్నారు, పైగా ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ అయి ఉండాలన్నారు. పీఎం కిసాన్‌కైతే కౌలు రైతు లెక్కలోనే లేడు. పట్టా ఉంటే చాలు, పొలం మొహం చూడకపోయినా డబ్బు పడుతుంది. దీన్ని సంక్షేమమంటే నేనొప్పుకోను, ఇది ఆస్తికి ఇచ్చే బోనస్.

సంతకం లేకుండా ఎలా గుర్తిస్తారని అడుగుతారు. పశ్చిమ బెంగాల్‌లో 1978 నుంచి వామపక్ష ప్రభుత్వం ఆపరేషన్ బర్గాలో అదే చేసింది. అధికారులు భూస్వామి ఇంటికి కాకుండా పేటలకు వెళ్లి, సాయంత్రం పూట కూర్చోబెట్టి, ఎవరు ఏ చెక్క చేస్తున్నారో అందరి ముందూ అడిగి రాసుకున్నారు. 14 లక్షలకు పైగా పేర్లెక్కాయి. మన ఊళ్లో ఏ మడి ఎవరు చేస్తున్నారో నీళ్లు కట్టేవాడికి తెలుసు, పురుగుమందుల కొట్టువాడికి తెలుసు, వీఆర్వోకీ తెలుసు. గ్రామసభలో అడిగి రాయడానికి కొత్త యాప్ కూడా అక్కర్లేదు. పెద్ద పార్టీల ఊరి నాయకులే ఆసాములైనప్పుడు ఆ సభ ఎవరు పెడతారన్నదే ప్రశ్న. మావైపు వాళ్లకూ ఒక మాట: సోమవారం కలెక్టరేట్ ముందు జెండాలు పట్టుకోవడం మంచిదే, మంగళవారం సచివాలయంలో ఫారాలు నింపడానికీ మనుషులు రావాలి.

మీ ఊరి సంగతి తేల్చుకోవాలంటే సమాచార హక్కు కింద తహశీల్దారుకు దరఖాస్తు పెట్టండి. మండల స్థాయి కార్యాలయానికి ఫీజు 5 రూపాయలు, గ్రామ స్థాయిలో ఏమీ లేదు. మూడే అడగండి: ఈ ఏడాది ఊళ్లో ఇచ్చిన కార్డులెన్ని, తిరస్కరించినవెన్ని, ఒక్కోదానికి రాసిన కారణమేంటి. జవాబుకు 30 రోజుల గడువు. 'తిరస్కరించినవి లేవు' అని వస్తే ఆశ్చర్యపోకండి. సంతకం లేని దరఖాస్తును అసలు తీసుకోరు కాబట్టి తిరస్కరణ లెక్కలోకే రాదు. అందుకే సంతకం దొరక్కపోయినా పట్టుబట్టి దరఖాస్తు ఇవ్వండి, రశీదు తీసుకోండి.