షట్టరు దించాక మిగిలే నంబర్లు: జీఎస్టీ, పీఎఫ్, ఈఎస్‌ఐ ఏ వరుసలో మూయాలి

ఒడిశా సరిహద్దులో పర్లాకిమిడిలోనో, గుణుపూరులోనో, రాయగడలోనో వ్యాపారం ఎత్తేసేవారు చాలామంది మొదట బ్యాంకుకెళ్ళి కరెంటు ఖాతా మూసేస్తారు. తర్వాత జీఎస్టీ నంబరు రద్దుకి పెడతారు. పీఎఫ్ సంగతి ఆడిటరు గారు చూసుకుంటారులే అనుకుంటారు. ఇది పూర్తిగా తలకిందుల వరుస. ముందు మనుషుల లెక్క తేలాలి, తర్వాత సరుకు లెక్క, ఆపైన నంబర్ల రద్దు. బ్యాంకు ఖాతా అన్నిటికన్నా ఆఖరు. వరుస తప్పితే పన్ను కన్నా ఆలస్య రుసుములే ఎక్కువవుతాయి.

మనుషులతో మొదలుపెడదాం. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్ ప్రకారం, సంస్థ మూతపడి పని పోయినవారికి రెండు పని దినాల్లో జీతం బాకీ చెల్లించాలి. నెలాఖరున చూద్దాం అంటే కుదరదు. గ్రాట్యుటీ వచ్చేవారికి లెక్క ఇది: ఆఖరి నెల మూలవేతనం, డీఏ (కరువు భత్యం) కలిపి పదిహేనుతో హెచ్చించి, 26తో భాగించి, సర్వీసు ఏళ్ళతో హెచ్చించాలి. 18,000 జీతంతో ఎనిమిదేళ్ళు చేసిన గుమాస్తాకి 83,077 రూపాయలు వస్తుంది. చాలా కొట్లలో దీనికి డబ్బు విడిగా తీసి ఉంచరు. సరుకు అమ్మిన సొమ్ములోంచే ఇవ్వాలి కాబట్టి, మూసే తేదీ అనుకున్న రోజే ఈ లెక్క వేసుకోవడం మంచిది.

పీఎఫ్‌లో ఒకసారి పరిధిలోకి వచ్చాక, మనుషులు ఇరవై కన్నా తగ్గినంత మాత్రాన నంబరు దానంతటది పోదు. చివరి నెల చందాను మరుసటి నెల 15లోగా, ఎవరి చందా ఎంతో చూపే నెలవారీ పట్టీ ఈసీఆర్‌తో కట్టాలి. ఆ తర్వాతే యజమాని పోర్టల్‌లో ప్రతి ఒక్కరికీ పని మానేసిన తేదీ, కారణం నమోదు చేయాలి. ఆ తేదీ చివరి చందా నెల కన్నా ముందటిదైతే తర్వాత క్లెయిము తిరిగొస్తుంది. తేదీ వెయ్యకుండా వదిలేస్తే ఉద్యోగి రెండు నెలలాగి తనే వేసుకోవచ్చు గానీ, పేరు తేడా ఉంటే ఆ దారి కూడా పనికిరాదు.

మన వైపు పేరు తేడాలే పెద్ద తలనొప్పి. పీఎఫ్‌లో ఇంటిపేరు పొడి అక్షరంగా ఉంటుంది, ఆధార్‌లో పూర్తిగా ఉంటుంది. ఒడిశాలో ఆధార్ తీసుకున్నప్పుడు ఒడియా ఉచ్చారణకి తగ్గట్టు స్పెల్లింగు మారిపోయి ఉంటుంది. 2017 అక్టోబరు 1కి ముందు ఇచ్చిన ఉద్యోగి పీఎఫ్ నంబర్లలో, అంటే యూఏఎన్‌లలో ఇలాంటి దిద్దుబాటుకి యజమాని ఆమోదం కావాలి. కొట్టు మూసేసి, డిజిటల్ సంతకం గడువు తీరిపోయి, యజమాని పిల్లల దగ్గరికి విశాఖ వెళ్ళిపోతే ఆ ఆమోదం ఇచ్చేవాళ్ళుండరు. పాపం ఆ గుమాస్తా గెజిటెడ్ అధికారి సంతకం కోసం తిరగాల్సివస్తుంది. కాబట్టి షట్టరు దించక ముందే అందరి ఆధార్, పాన్, బ్యాంకు వివరాలు యూఏఎన్‌తో సరిచూడండి. డిజిటల్ సంతకం, పోర్టల్‌లో ఇచ్చిన ఫోను నంబరు కనీసం ఏడాది బతికి ఉండాలి. సిమ్ముకి రీచార్జి చేయించడం మరచిపోతే ఓటీపీ రాదు, పని అక్కడే ఆగిపోతుంది.

అందరూ వెళ్ళిపోయాక సంస్థ మూతపడిందని పీఎఫ్ ప్రాంతీయ కార్యాలయానికి రాతపూర్వకంగా తెలియజేసి, రసీదు తీసుకోండి. జీఎస్టీ రద్దు ఉత్తర్వు, అద్దె ఖాళీ చేసిన కాగితం, ఆఖరి కరెంటు బిల్లు, ఆఖరి హాజరు పట్టీ జతచేస్తే ప్రశ్నలు తగ్గుతాయి. సంస్థ నడుస్తున్నట్టే లెక్కలో ఉన్నంతకాలం, చందాదారు ఒక్కరూ లేకపోయినా నెలకి 75 రూపాయల నిర్వహణ చార్జీ పడుతుంది. 75 చిన్నదే. కానీ ఈసీఆర్ చప్పుడు చెయ్యకుండా ఆగిపోతే కార్యాలయం బకాయి విచారణ తెరిచి, పాత జీతాల ఆధారంగా మీ బాకీ లెక్కగట్టేస్తుంది. అసలు చిక్కు అక్కడ వస్తుంది.

ఈఎస్‌ఐ (ఉద్యోగుల ఆరోగ్య బీమా) కొంచెం సులువు. చివరి నెల చందాలో సున్నా రోజులకి కారణంగా పని మానేసినట్టు, ఆఖరి పని రోజుతో సహా వెయ్యాలి. ఆ రోజుని సరదాకి వెనక్కి జరపకండి. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా కట్టిన చందాకి ప్రయోజన కాలం మరుసటి జనవరి నుంచి జూన్ వరకు, అక్టోబరు నుంచి మార్చి దాకా కట్టినదానికి జూలై నుంచి డిసెంబరు వరకు ఉంటుంది. రోజులు తగ్గితే ఆస్పత్రి హక్కు పోయేది పనివాడికే.

ఇక జీఎస్టీ. వ్యాపారం ఆపిన 30 రోజుల్లోగా పోర్టల్‌లో రద్దు దరఖాస్తు ఆర్ఈజీ-16 పెట్టాలి. అది పెట్టిన రోజు, మీరు రద్దు కోరిన రోజు, ఈ రెండింటిలో తర్వాత వచ్చేది ఏదైతే అప్పటినుంచి నంబరు నిలుపుదలలోకి వెళుతుంది. అప్పట్నుంచి బిల్లు రాయకూడదు. ఇక్కడే చాలామంది పొరపడతారు. సరుకంతా అమ్మేశాం కదా అని పెట్టేస్తారు. తర్వాత అల్మరాలు, తూకం యంత్రం, జనరేటరు కొనడానికి మనిషొస్తే బిల్లు ఇవ్వడానికి నంబరుండదు.

మూసే రోజున మిగిలిన సరుకు మీద, తీసుకున్న ఇన్‌పుట్ క్రెడిట్ (కొన్నప్పుడు కట్టి, మన పన్నులో తగ్గించుకునే జీఎస్టీ), లేదా దాని మీద పడే అమ్మకపు పన్ను, ఏది ఎక్కువైతే అది కట్టాలి. లెక్క చూడండి. రెండు లక్షల హార్డ్‌వేర్ సరుకు, 18 శాతం మీద తీసుకున్న క్రెడిట్ 36,000. షెల్ఫుల్లోనే ఉంచి రద్దుకి పెడితే 36,000 కట్టాలి. అదే సరుకుని ముందుగానే 90,000కి బిల్లు రాసి తెగనమ్మితే పన్ను 16,200. తేడా 19,800. నష్టానికి అమ్మినా బిల్లుతో అమ్మినదే లెక్క. పారేసినా, ఎవరికైనా ఊరికే ఇచ్చేసినా క్రెడిట్ వెనక్కి కట్టాల్సిందే.

యంత్రాలకి లెక్క వేరు. ఆయుష్షు 60 నెలలనుకుని, మిగిలిన నెలలకి దామాషాగా క్రెడిట్ వెనక్కి పోతుంది. మూడు లక్షల జనరేటరు మీద 54,000 క్రెడిట్ తీసుకుని మూడేళ్ళ నాలుగు నెలలు వాడారనుకోండి. మిగిలింది 20 నెలలు కాబట్టి 18,000. కానీ ఇప్పటి అమ్మకపు ధర 1,20,000 అయితే దాని మీద పన్ను 21,600. పెద్దది ఏదో అది కట్టాలి. ఈ మొత్తాన్ని జీఎస్టీ పోర్టల్‌లోని క్రెడిట్ ఖాతాలో నిల్వ ఉంటే దాన్నుంచే కట్టుకోవచ్చు. మిగిలిన క్రెడిట్ మాత్రం నగదుగా తిరిగిరాదని అనుకునే లెక్క వేసుకోండి. అదే పోర్టల్‌లోని నగదు ఖాతాలో ఉన్న డబ్బుకి ఆర్ఎఫ్‌డీ-01 ఫారంతో వాపసు అడగవచ్చు. అది రావాలంటే బ్యాంకు ఖాతా బతికుండాలి. కరెంటు ఖాతా ముందే మూయొద్దన్నది ఇందుకే.

సరిహద్దు వాళ్ళకి ఇంకో దారుంది, దీన్ని చాలామంది వాడరు. పర్లాకిమిడి కొట్టు మూసి పాతపట్నం కొట్టు నడుపుకుంటారనుకోండి. మధ్యలో దూరం కూతవేటే అయినా, ఒడిశా నంబరు 21తో, ఆంధ్ర నంబరు 37తో మొదలవుతాయి. చట్టం దృష్టిలో ఇద్దరు వేరే మనుషులు. ఒడిశా క్రెడిట్ ఖాతాని ఆంధ్రకి మార్చుకునే వీలు లేదు. కానీ సరుకుని పర్లాకిమిడి నుంచి పాతపట్నానికి ఐజీఎస్టీ (రాష్ట్రాల మధ్య అమ్మకాల మీద పడే జీఎస్టీ) బిల్లు మీద పంపితే, ఆ పన్నుని ఒడిశా క్రెడిట్‌తో కట్టి, ఆంధ్రలో క్రెడిట్ తీసుకోవచ్చు. అక్కడ పూర్తి క్రెడిట్‌కి అర్హత ఉంటే, బిల్లులో మీరు రాసిన ధరనే మార్కెట్ ధరగా ఒప్పుకుంటారు. సరుకు 50,000 దాటితే ఈ-వే బిల్లు (సరుకు రవాణా పత్రం) తప్పదు. ఆటోలో వేసుకెళ్ళేదే కదా అని వదిలేస్తే, సరిహద్దు దాటాక ఆటో, సరుకు రెండూ పట్టుబడతాయి. ఇదంతా నంబరు నిలుపుదలలోకి వెళ్ళకముందే పూర్తవ్వాలి.

రద్దు ఉత్తర్వు ఆర్ఈజీ-19గా వస్తుంది. ఉత్తర్వు తేదీ, రద్దు తేదీ, ఈ రెండింటిలో తర్వాత వచ్చేదాని నుంచి మూడు నెలల్లోగా ఆఖరి రిటర్ను జీఎస్టీఆర్-10 వెయ్యాలి. ఎక్కువమంది మరచిపోయేది దీన్నే. ఆర్ఈజీ-16లోనే సరుకు వివరాలు ఇచ్చాం కదా అనుకుంటారు, రెండూ వేరు. ఆలస్య రుసుము రోజుకి 200 చొప్పున 10,000 దాకా పోతుంది. ఒకసారి వేశాక దిద్దుకోలేం. సరుకు కొన్న బిల్లులు దొరక్కపోతే మార్కెట్ ధరతో లెక్క వేసి, చార్టర్డ్ అకౌంటెంటు ధ్రువీకరణ పెట్టాలి. కాంపోజిషన్ పథకంలో (చిన్న వ్యాపారులు అమ్మకాల మీద తక్కువ శాతం పన్ను కట్టే పద్ధతి) ఉన్నవారికి జీఎస్టీఆర్-10 అక్కర్లేదు, వారి వార్షిక రిటర్ను జీఎస్టీఆర్-4 మాత్రం వెయ్యాలి.

వృత్తి పన్ను దగ్గర ఒక పాత తప్పు బయటపడుతూంటుంది. లెక్కలు రాసేవారు పార్వతీపురం నుంచో శ్రీకాకుళం నుంచో వచ్చి, ఆంధ్ర పట్టికనే ఒడిశాకి వాడేస్తారు. ఆంధ్రలో నెలకి 15,000 దాకా పన్ను లేదు. ఒడిశాలో సంవత్సరానికి 1,60,000 దాటితే నెలకి 125, మూడు లక్షలు దాటితే ఏడాదికి 2,500. నెలకి 14,000 తీసుకునేవాడి ఏడాది జీతం 1,68,000. ఆంధ్రలో సున్నా, ఇక్కడ ఏడాదికి 1,500. రద్దుకి దరఖాస్తు పెట్టేముందు పాత నెలలన్నీ ఒకసారి తిరగేయండి.

ఇతరులకి చెల్లించేటప్పుడు టీడీఎస్ (ముందే కోసే ఆదాయపు పన్ను) కోసుకుని ఉంటే మూసిన త్రైమాసికం రిటర్నుతో సహా అన్నీ వేసి, బకాయిలు లేవని చూశాకే టాన్ (టీడీఎస్ కోసేవారికి ఇచ్చే నంబరు) రద్దుకి టీడీఎస్ అధికారికి రాయండి. ఆలస్యమైతే రోజుకి 200. సొంత పేరు మీద నడిపే కొట్టుకి పాన్ జోలికి వెళ్ళొద్దు, అది యజమాని సొంతది. భాగస్వామ్య సంస్థ అయితే పాన్ వేరు, దాని ఆఖరి ఆదాయపు పన్ను రిటర్ను వేశాకే అప్పగించాలి. రిజిస్టరైన సంస్థ రద్దు నోటీసు రిజిస్ట్రార్‌కి, గెజెట్‌కి, ఆ జిల్లాలో నడిచే స్థానిక భాషా పత్రికకి వెళ్ళాలి. శ్రీకాకుళం ఎడిషన్ తెలుగు పత్రికలో వేసి ఊరుకోకండి, ఒడియా పత్రికలో వెయ్యండి.

ఉద్యమ్ (చిన్న వ్యాపారాల) నమోదు, పురపాలక లైసెన్సు, ఆహార లైసెన్సు ఉంటే అది, తర్వాత తీరిగ్గా మూసుకోవచ్చు. జీఎస్టీ పుస్తకాలు మాత్రం వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలలు దాచాలి. ఆరేళ్ళు అన్నమాట. చెదలు పట్టని చోట పెట్టండి.